చెఱిపిన చిత్రములు, కత్తిరించిన ప్రతులు

ఒకానొక కాలమున లక్షలకొలది జనులు తమ యిండ్లలో గూర్చుండి చూచిన టెలివిజన్ ధారావాహికములు తరువాత టేపులుగాను, డిస్కులుగాను అంగళ్లకు వచ్చినవి. ఇది మంచిదే. పోయినదనుకొన్న వస్తువు తిరిగి వచ్చినప్పుడు సంతోషింపనివాడుండడు. కాని యమ్మువారు మనకిచ్చుచున్నది ఆనాడు ప్రసారమైనదేనా? సంపూర్ణమా, ఖండితమా? ఖండితమైనచో ఆ సంగతి పెట్టెమీద వ్రాసినారా? మూలప్రతులను కాపాడవలసినవారు కాపాడిరా? ఈ ప్రశ్నల నడుగువారు తక్కువ, అడిగినవారిని “వినోదవస్తువునకింత విచారమేల?” యని పరిహసించువారెక్కువ. ఆ పరిహాసము నిరాధారమనియు, ఈ విషయమున నొక ధర్మము, ఒక శాసనము ఏర్పడవలసియున్నవనియు నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట చెఱుపుటను గూర్చి చెప్పెదను. ఇంగ్లండుదేశమున బి.బి.సి. వారు 1963వ సంవత్సరమున ‘డాక్టర్ హూ’ అను ధారావాహికమును ప్రారంభించిరి. అది పిల్లలును పెద్దలును గలిసి చూచునట్టిది. కాలమందు ముందునకును వెనుకకును ప్రయాణముచేయు నొక విచిత్రపురుషుని కథ. 1969 వఱకు, అనగా తొలి యాఱు సంవత్సరములలో, 253 భాగములు ప్రసారమైనవి. వానిలో తొంభైకి పైగా భాగములు బి.బి.సి. భాండాగారమున లేకుండ పోయినవి. అగ్నిప్రమాదమున గాదు, వరదలో గాదు, శత్రువుల దండయాత్రలో నంతకంటెను గాదు, సొంతవారే చెఱిపివేసిరి. వీడియో టేపు ఖరీదైనది గనుక, పాతదానిని చెఱిపి క్రొత్తది చిత్రించుట పొదుపని తలచిరి. నటులతో జేసికొన్న యొడంబడికలనుబట్టి పునఃప్రసారములకు మితి యుండెను గనుక, పాతచిత్రము పనికిరానిదనిరి. రంగుల ప్రసారము వచ్చిన పిమ్మట నలుపుతెలుపు చిత్రములనెవ్వరు చూతురనిరి. విదేశములకమ్ముటకై టేపులనుండి తీసిన ఫిల్ము ప్రతులను సైతము 1978 వఱకు పాఱవేయుచునే యుండిరి. పొదుపు చేసినది కొన్ని టేపుల వెల. పోగొట్టినది ఒక తరము యొక్క కళాశ్రమము.

మఱి మిగిలినవి యెట్లు మిగిలినవి? ఇదియే మనము శ్రద్ధగా వినదగిన కథ. విదేశములలోని ప్రసారకేంద్రములకు పంపిన ఫిల్ముప్రతులు కొన్ని, తిరిగి పంపవలసినవియో కాల్చివేయవలసినవియో యయ్యును, మూలల బడియుండి బ్రతికినవి. 1967లో ప్రసారమైన ‘టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ అను కథయొక్క నాలుగు భాగములును 1991లో హాంగ్‌కాంగున దొరికినవి. మఱుసటి యేడే వీడియో టేపుగా అంగడికి వచ్చినవి. 2013లో నైజీరియాదేశపు జోస్ పట్టణమునందలి ప్రసారకేంద్రమున మఱి తొమ్మిది భాగములు బయటపడినవి. పోయిన ప్రతి భాగముయొక్కయు శబ్దము మాత్రము నేటికిని నిలిచియున్నది. దానిని నిలిపినదెవరు? తమ యింట టెలివిజన్ యెదుట టేపురికార్డరు పెట్టుకొని, తమ యిష్టముకొలది పదిలపఱచుకొనిన సామాన్య ప్రేక్షకులు! అంతకంటెను వింతయైన సంగతి యొకటి గలదు. ఆస్ట్రేలియాలో, పిల్లలకు భయము గలిగించునని సెన్సారువారు కత్తిరించి తీసివేసిన తునకలు 1996లో ఆ దేశపు ప్రభుత్వ దస్త్రములలో దొరికినవి. ప్రసారము చేసినదంతయు నశించి, ప్రసారమునకు దగదని కోసివేసినది మాత్రము బ్రతికినది! విధివిలాసమునకు దీనిని మించిన నిదర్శనమేమి గావలయును?

ఈ కథలో మన తెలుగువారికి దెలియనిదేదియు లేదు. ఏ రాజాస్థానమును నిలుపలేని కావ్యములను ఏదో పల్లెలోని యటుకమీది తాటాకుల కట్ట నిలిపినది. నన్నెచోడుని ‘కుమారసంభవము’ శతాబ్దములు విస్మృతమై, తంజావూరి గ్రంథభాండాగారమున దొరికి, మానవల్లి రామకృష్ణకవిగారి శ్రమవలన 1909లో అచ్చునకెక్కినది. తెలుగు కావ్యము తమిళదేశమున దొరికినట్లే ఇంగ్లీషు ధారావాహికము ఆఫ్రికాలో దొరికినది. కాని యొక భేదము గలదు. తాటాకును చెదలు తినెను. టేపును యజమాని తినెను. చెదపురుగునకు జ్ఞానము లేదు. జ్ఞానము గలవారు చేసిన పనికి చెదపురుగునకిచ్చు క్షమ నీయవచ్చునా?

“ఆనాడు భావికాలమునందు వీనికింత విలువ వచ్చునని యెవ్వరికి దెలియును?” అని వారి తరపున వాదించువారు గలరు. ఈ వాదము నిలువదు. అమెరికాలో 1951లోనే లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ అను దంపతులు తమ ‘ఐ లవ్ లూసీ’ యను హాస్యధారావాహికమును మేలైన సినిమాఫిల్ముపై చిత్రింపజేసి, ఆ ఫిల్ముపై హక్కు తమ సంస్థకే యుండునట్లు ఒడంబడిక చేసికొనిరి. అందుచేతనే యది డెబ్బది సంవత్సరములు గడచినను స్పష్టముగా, సంపూర్ణముగా చూడనగుచున్నది. అదే దేశమున 1946 మొదలు 1956 వఱకు నడచిన డ్యూమాంట్ ప్రసారసంస్థవారి చిత్రములు దాదాపుగా నన్నియు నశించినవి. అవి 1970 ప్రాంతములందు లారీలకెక్కింపబడి న్యూయార్కు సముద్రశాఖలో పాఱవేయబడినవని నటి యీడీ ఆడమ్స్ 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసువారి విచారణయందు సాక్ష్యమిచ్చెను. ఒకే కాలము, ఒకే దేశము, ఒకే వృత్తి. ఒకరు దాచిరి, ఒకరు ముంచిరి. కాబట్టి లోపించినది జ్ఞానము గాదు, శ్రద్ధ.

ఇక కత్తిరించుటను గూర్చి. చెఱుపుట పాతకాలపు పాపమైనచో, కత్తిరించుట తరువాతి కాలపు పాపము. 1978 మొదలు 1982 వఱకు అమెరికాలో ‘డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటి’ యను ధారావాహికము ప్రసారమైనది. అది యొక రేడియోకేంద్రపు కథ గనుక, ఆనాడు జనులు వినుచుండిన పాటలే దాని ప్రాణము. ఏ పాట యెప్పుడు వినబడినదో దానినిబట్టియే హాస్యము, దానినిబట్టియే కరుణము. 2007లో దాని మొదటి సంవత్సరపు భాగములను డిస్కులుగా నమ్మినప్పుడు, పాటల హక్కులకు రుసుము చెల్లింప నిష్టములేక యా పాటలలో పెక్కింటిని తీసివేసి, ఊరు పేరు లేని వాద్యధ్వనులను వాని స్థానమున నిలిపిరి. పాటపై మాట గలిసియున్న చోట్ల మాటను సైతము వేఱొకరిచే జెప్పించిరి. కొన్ని ఘట్టములను కోసివేసిరి. పెట్టెమీద మాత్రము పేరదియే, బొమ్మ యదియే! వివాహవేదికపై మంగళవాద్యముల నాపి, పెండ్లికొడుకును మార్చి, శుభలేఖ మాత్రము పాతదే పంచినట్లున్నదిగదా యీ వ్యాపారము!

సాధ్యముగాక యట్లు చేసిరందమా? 2014లో వేఱొక సంస్థవారు అదే ధారావాహికమును, పాటలలో నధికభాగమునకు హక్కులు సంపాదించి, సమగ్రముగా వెలువరించిరి. అదే సంవత్సరమున ‘ది వండర్ ఇయర్స్’ అను ధారావాహికముకూడ డిస్కులుగా వచ్చినది. అది 1993లో ముగిసినది. మూడువందలకు పైగా నున్న పాటల హక్కుల చిక్కువలన ఇరువది సంవత్సరములకు పైగా సంపూర్ణముగా వెలువడజాలకపోయినది. ప్రకటించినవారు ఓపికతో హక్కుదారులనందఱ నాశ్రయించి, పాటలలో చాల భాగమును నిలిపియే వెలువరించిరి. 1971నాటి ‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’ అను కథకు రంగుల టేపులు చెఱుపబడి నలుపుతెలుపు ఫిల్ము మాత్రమే మిగిలియుండగా, ఆ ఫిల్ముపై సూక్ష్మబిందురూపమున దాగియున్న రంగుల జాడను కంప్యూటరు సాయమున గనిపెట్టి, ఆఱింట అయిదు భాగములకు రంగు మరల రాబట్టి 2013లో ప్రకటించిరి. బూడిదనుండి బొమ్మను లేపినట్టి పని యిది. చేయదలచినవారికి మార్గము గలదని యీ దృష్టాంతములు చాటుచున్నవి.

సంస్కృతాంధ్రములు చదివినవారికి గ్రంథపరిష్కరణమునందలి మర్యాద దెలియును. పూనాలోని భండార్కరు పరిశోధనాలయమువారు 1919లో మహాభారత పరిష్కరణమునకు పూనుకొని, దేశమునందలి నానాప్రతులను సరిచూచి, 1966నాటికి దానిని ముగించిరి. వారు మూలమునుండి తొలగించిన ప్రతి శ్లోకమును పుటక్రిందనో అనుబంధమందో యిచ్చిరి. ప్రతి పాఠభేదమును ఏ ప్రతిలోనిదో సూచించిరి. పరిష్కర్త నిర్ణయముతో విభేదించువానికి సామగ్రి యంతయు నచటనే దొరకును. ఇది విద్వద్ధర్మము. డిస్కు నమ్మువాడు భండార్కరు పండితుడు గానక్కఱలేదు. “ఇందు నాలుగు పాటలు మార్చితిమి, రెండు ఘట్టములు తీసితిమి” యని పెట్టెవెనుక రెండు పంక్తులు వ్రాయుటకు పాండిత్యము గావలయునా? నేయి యని నూనె నమ్మినవానిని మన శాసనము శిక్షించుచున్నది. కల్తీని గూర్చిన యా నీతి మనసునకు పెట్టు భోజనమునకేల వర్తింపదు?

ఇందుకు వర్తకులిట్లు సమాధానము చెప్పుదురు: “గాయకులకు, రచయితలకు రుసుమీయవలదా? ఆ భారము వహించినచో డిస్కు నెవ్వరు కొందురు?” కళాకారులకు రుసుము నిశ్చయముగా నీయవలసినదే. వారి కష్టమునకు ఫలమీయరాదనుట నా మతము గాదు. కాని రుసుము చెల్లింపలేమని చెప్పుట వేఱు. చెల్లింపక మార్చి, మార్చిన సంగతిని దాచుట వేఱు. మొదటిది దారిద్ర్యము, రెండవది వంచన. దారిద్ర్యమునకు జాలిపడుదము, వంచనకేల జాలి?

మఱియొక యాక్షేపణము మనవంటి సంస్కారపక్షమువారినుండియే వచ్చుచున్నది గనుక దానిని ప్రత్యేకముగా విచారింపవలయును. పాత ధారావాహికములలో స్త్రీలను, నల్లవారిని, పేదలను గించపఱచు ఘట్టములు గలవు. వానిని తీసివేయుటయే మేలని వారందురు. 2020లో అమెరికాలో ‘థర్టీ రాక్’ అను హాస్యధారావాహికముయొక్క నాలుగు భాగములను, అందలి పాత్రలు ముఖమునకు నల్లరంగు పూసికొనుటచే, రచయితల కోరికపైననే ప్రదర్శననుండి తొలగించిరి. ఉద్దేశము మంచిదే; ఉపాయము మంచిది గాదు. వితంతువుల దుఃఖమును, కన్యాశుల్కపు దౌష్ట్యమును మన పూర్వులెట్లు సహించిరో, ఎట్లు నవ్వులాటగా చెప్పుకొనిరో తెలియనిచో, వీరేశలింగముగారి పోరాటముయొక్క విలువ నేటి బాలికకెట్లు తెలియును? పూర్వుల దోషములను చెఱిపివేసినచో సంస్కర్తల శ్రమనుగూడ చెఱిపివేసినట్లే. దోషము లేని కాలమున సంస్కర్తకేమి పని? ‘టామ్ అండ్ జెర్రీ’ వంటి పాతబొమ్మల చిత్రములను డిస్కులుగా వెలువరించినప్పుడు కొన్నిటికి, “ఇందలి చిత్రణము నాడును తప్పే, నేడును తప్పే, అయినను దాచినచో తప్పే లేదన్నట్లగును” అను భావముతో పీఠిక చేర్చిరి. ఇది యుచితమైన పద్ధతి. కత్తెరకంటె పీఠిక మేలు. ఏది యే వయసువారు చూడదగునో నిర్ణయించు భారము తలిదండ్రులది. ఉన్నదానిని లేనట్లు చేయు నధికారము మాత్రము ఎవ్వరికిని లేదు.

“డిస్కుల కాలము గడచినది. ఇప్పుడంతయు నింటర్నెట్టున దొరకుచున్నది. పెట్టెలు కొని బీరువా నింపుకొనుటయేల?” యని మఱికొందఱందురు. నెట్‌ఫ్లిక్సు సంస్థవారు తపాలాద్వారా డిస్కులనద్దెకిచ్చు పనిని 2023 సెప్టెంబరులో మానివేసిన మాట నిజము. కాని యా సంవత్సరముననే మే మాసమున డిస్నీవారు ‘విల్లో’ యను తమ ధారావాహికమును, ప్రథమప్రదర్శనమై సంవత్సరమైనను గాకమునుపే, తమ యింటర్నెట్టు ప్రదర్శనశాలనుండి తొలగించిరి. డిస్కుగా నది వెలువడియుండలేదు. నెలనెలకు చందా కట్టినవారి చేతిలో నేమి మిగిలినది? చందా కట్టిన జ్ఞాపకము మాత్రమే! అద్దెయింటి గోడకు కొట్టిన మేకు మనది గాదు. ఇంటిలోనున్న డిస్కు యజమాని మనసు మాఱినను మాఱదు. దూరముననున్న యంత్రమునందలి ప్రతి యాతని లెక్కలనుబట్టి యుండును, లేకపోవును. కావున ఇంటర్నెట్టు ప్రదర్శన గ్రంథాలయమునకు తోడు కావచ్చును గాని మాఱు కానేరదు.

చివరకు, ఇవి వట్టి కాలక్షేపపు వస్తువులనువారికి నొకమాట. యక్షగానములను వీథిభాగోతములని యీసడించిన పండితులుండిరి. స్త్రీల పాటలను, జోలలను, సామెతలను గ్రంథములుగా లెక్కింపనివారుండిరి. నేడో, ఆ కాలపు జనుల యిండ్లెట్లుండెనో, వారు దేనికి నవ్విరో, దేనికి భయపడిరో తెలిసికొనదలచినవారికి ప్రబంధములకంటె నవియే శరణ్యములైనవి. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున గృహస్థులు సాయంకాలమున నేమి చూచి యేమి తలపోసిరో చెప్పు సాక్షి టెలివిజన్. సాక్షిని చంపిన పిమ్మట చరిత్ర యను న్యాయస్థానమున తీర్పెట్లు చెప్పుదురు?

మన దేశముమాట చూతము. మన టెలివిజన్ 1959 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రయోగముగా ఆరంభమైనది. 1975 ఆగస్టు మొదలొక సంవత్సరముపాటు కృత్రిమోపగ్రహముద్వారా ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, విద్య మున్నగు విషయములపై కార్యక్రమములు పంపబడినవి. ఆ యాఱింట మన యాంధ్రప్రదేశమొకటి. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1984-85లో ‘హమ్ లోగ్’, 1987లో ‘రామాయణ్’, 1988లో ‘మహాభారత్’, శ్యామ్ బెనెగళ్ గారి ‘భారత్ ఏక్ ఖోజ్’ వచ్చినవి. హిందీ యక్షరము రాని తెలుగు ముత్తైదువలు సైతము ఆదివారము ఉదయమున స్నానముచేసి ‘రామాయణ్’ ఎదుట గూర్చుండినమాట ఆ తరమువారికందఱకును దెలియును. 2020 మార్చిలో కరోనా మహమ్మారివలన దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు దూరదర్శన్‌వారు దానినే తిరిగి ప్రసారముచేయగా మనుమలు తాతలతో గూడ చూచిరి. దాచియుంచిరి గనుకనే అవసరమునకు దొరికినది. ఇట్టి పేరుపొందిన వస్తువులను అమ్మకపు లాభమైనను కాపాడును. పేరులేని వ్యవసాయకార్యక్రమమును, పల్లెటూరి నాటకమును, వృద్ధకవి సంభాషణమును కాపాడునదెవరు? వానిని కొనువారు లేరు గనుక అంగడి వానిని కాపాడదు, శాసనమే కాపాడవలయును.

అచ్చైన ప్రతి గ్రంథముయొక్క ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మదరాసులోని కన్నెమరా మున్నగు మఱి మూడింటికిని పంపవలయునని 1954 నాటి శాసనము విధించుచున్నది. నాలుగు పుటల శతకమునకున్న యీ రక్షణ, దేశమెల్ల చూచిన ధారావాహికమునకు లేదు. ఫ్రాన్సువారు 1992లోనే రేడియో టెలివిజన్ ప్రసారములకు సైతము ఇట్టి నిక్షేపవిధిని శాసనముగా జేసి, జాతీయ దృశ్యశ్రవణసంస్థకు ఆ భారమునప్పగించిరి. ఇంగ్లండువారు తమ నష్టముచే బుద్ధి తెచ్చుకొని, 1990 నాటి ప్రసారశాసనమున జాతీయ టెలివిజన్ భాండాగారమునకు ధనము కేటాయించు నేర్పాటు చేసిరి. మనము నష్టపడియే నేర్చుకొనవలయునా? పరుల నష్టమును జూచి నేర్చుకొనుట బుద్ధిమంతుల లక్షణము గాదా?

కాబట్టి మనము కోరవలసినవి మూడు. మొదటిది, ప్రసారమైన కార్యక్రమములకు గ్రంథములకువలెనే నిక్షేపశాసనము. రెండవది, డిస్కుగాగాని, ఇంటర్నెట్టునగాని పాత ధారావాహికమును మార్చి యిచ్చువారు ఆ మార్పును విధిగా ప్రకటింపవలయునను నియమము. మూడవది, హక్కు గలిగియు అమ్మక, చూపక, కాపాడక యుండువారి వస్తువులను, వ్యాపారదృష్టి లేని గ్రంథాలయములు పదిలపఱచి చదువరులకు జూపుటకు నిరాటంకమైన యనుమతి. మన 1957 నాటి స్వామ్యహక్కు శాసనమును బట్టి చలనచిత్రమునకు హక్కు వెలువడిన పిమ్మట అఱువది సంవత్సరములుండును, వీడియోచిత్రములును అందుచేరినవే. ఆ యఱువదేండ్లు టేపు బ్రతుకదు. హక్కు తీరునాటికి వస్తువే లేనిచో, ఆ హక్కువలన లోకమునకేమి మిగిలినట్లు?

ప్రభుత్వము చేయునంతవఱకు గృహస్థులు చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. మీ యటుకమీద పాత వీడియో క్యాసెట్లు గలవు. వానిపై పెండ్లివేడుకలతో పాటు, ఒక మూల, ఎవరో యిష్టపడి పట్టుకొనిన యేదో కార్యక్రమము నుండవచ్చును. ఆ టేపుపైనున్న అయస్కాంతపు పూత సంవత్సరమునకు సంవత్సరము రాలుచున్నది. దానిని చూపు యంత్రములు బాగుచేయువారు కరవైనారు. పాతసామానువానికి తూచి యిచ్చుటకు ముందొకసారి చూడుడు, క్రొత్త ప్రతి తీయించుడు, పేరును తేదీని వ్రాసియుంచుడు. మంచి ప్రతి వెలువడినప్పుడు వెలకు వెఱవక కొని, వీథి గ్రంథాలయమునకొకటి యిప్పింపుడు. ఖండితప్రతి వచ్చినప్పుడు ఊరకుండక ప్రకటించినవారికి జాబు వ్రాయుడు. బి.బి.సి. భాండాగారము చేయని పనిని ఇంగ్లీషు పల్లెలోని కుఱ్ఱవాడు టేపురికార్డరుతో జేసినాడు. ఆ పని తెలుగింటి పిల్లలకు చేతగానిది గాదు. చేయవలసిన దినములు మాత్రము కొన్నియే మిగిలియున్నవి.